అమ్మ కోసం కట్టిన రెండు ఆన్‌లైన్ ఎక్సర్‌సైజ్ క్లాసులు: ఆరు నెలల తర్వాత నా రివ్యూ

మా అమ్మకి 71. నెల్లూరు మూలాపేటలో ఉంటది, నేను వేదాయపాలెంలో. నాన్న ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ తెల్లారి ఐదున్నరకల్లా ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంకి వాకింగ్‌కి పొయ్యేవాళ్ళు, వచ్చేటప్పుడు పాల ప్యాకెట్లు, ఆకుకూర తెచ్చుకునేవాళ్ళు. నాన్న పోయి రెండేళ్ళయింది, అప్పట్నుంచీ అమ్మ స్టేడియం వైపే పోలా. "ఒక్కదాన్నే ఏం పోతాలే మే" అనేది. దానికి తోడు పోయిన కార్తీకమాసంలో తలస్నానం చేసి బయటికొస్తా బాత్రూం గడప దగ్గర జారి పడింది. దేవుడి దయ, ఎముక విరగలా, తుంటి మీద అరచేయంత కమిలింది అంతే. కానీ ఆ రోజు పట్టుకున్న భయం మాత్రం వదల్లా. ఇంట్లో గోడ పట్టుకోని నడవడం, పొద్దుగూకితే లైటు కూడా వేసుకోకుండా మంచం మీద కూర్చోవడం, నేను ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేయడం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన చెప్పింది ఒకటే, పడతామేమో అని కదలకుండా కూర్చుంటే కాళ్ళల్లో బలం పోతుందమ్మా, బలం పోతే అప్పుడు నిజంగానే పడతారు అని.

ఫిజియో ఇంటికి రావాలంటే మా వైపు ఒక్కసారికి 500 అడిగారు, వారానికి మూడుసార్లంటే మాకు కష్టం. నాకు ఆఫీసు, మా ఆయనకి గూడూరు డ్యూటీ, రోజూ మూలాపేట పోయి దగ్గరుండి చేయించే వీలు లేదు. అందుకని ఆన్‌లైన్ అనుకున్నాం. సంక్రాంతి అయినాక మొదలుపెట్టాం, ఇప్పటికి రెండు చోట్ల డబ్బులు కట్టాం, ఒకటి మధ్యలో మానేశాం, ఒకటి ఇంకా నడుస్తా ఉంది. పేర్లు రాయట్లేదు, ఎందుకంటే ఈ క్లాసులన్నీ టీచర్ని బట్టే ఉంటాయి, ఈరోజు బాగున్న క్లాసు రేపు టీచర్ మారితే ఇంకోలాగా అయిపోతుంది. పేరు చూసి కట్టేదాని కన్నా ఏం చూసుకోని కట్టాలో తెలిస్తే మీకు ఎక్కువ ఉపయోగం.

మొదటిది పెద్ద యాప్. ఫేస్‌బుక్‌లో యాడ్ చూసి కట్టా, మూడు నెలలకి 2,999. చేరేటప్పుడు అడిగింది పేరు, వయసు, ఫోన్ నంబరు, అంతే. షుగరుందా, బీపీ ఉందా, ఎప్పుడైనా పడ్డారా, ఏ మాత్రలు వేసుకుంటారు అని ఒక్క ముక్క అడగలా. నేను కూడా అప్పుడు దాని గురించి ఆలోచించలా, పెద్ద కంపెనీ కదా చూసుకుంటారులే అనుకున్నా. పొద్దున ఆరింటికి లైవ్ క్లాసు, లోపల చూస్తే రెండొందల మంది పైన ఉండేవాళ్ళు, చెప్పే అమ్మాయి సగం హిందీ సగం ఇంగ్లీషు. అమ్మకి ఇన్‌హేల్ ఎక్స్‌హేల్ అంటే ఏందో తెలియక ఊపిరి బిగబట్టి చేసేది. బీపీ ఉన్నోళ్ళు బరువు పడేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, లేచేటప్పుడు గాలి వదలాలి. ఆ ఒక్క మాట తెలుగులో చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, ఆ రోజు ఆదివారం కాబట్టి నేను అమ్మ దగ్గరే ఉన్నా. క్లాసు అరగంట గడిచిందో లేదో అమ్మ చేతులు వణుకుతున్నాయి, జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయింది, "కళ్ళు తిరగతా ఉండాయి మే" అని అట్నే కుర్చీలో కూలబడింది. పరిగెత్తి గ్లూకోమీటర్ తెచ్చి చూస్తే 62. తర్వాత అడిగితే విషయం తెలిసింది, షుగర్ మాత్ర వేసుకోని, క్లాసు టైమైపోతుందని ఏమీ తినకుండా కూర్చుంది. 70 కన్నా తగ్గితే లో షుగర్ కింద లెక్క. మూడు స్పూన్ల చక్కెర నీళ్ళల్లో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 94 కొచ్చింది, అప్పుడు రెండు ఇడ్లీ పెట్టా. అంతసేపూ ఫోన్‌లో ఆ అమ్మాయి వెరీ గుడ్ వెరీ గుడ్ అంటానే ఉంది. ఆ అమ్మాయిని తప్పు పట్టను, రెండొందల మందిలో మా అమ్మ ఎక్కడుందో ఆమెకేం కనపడుతుంది. తప్పు ఏంటంటే, 70 ఏళ్ళవాళ్ళకి క్లాసు పెట్టి, షుగర్ మాత్ర వేసుకుంటే ఏం తిని రావాలి అన్న సంగతి ఒక్కసారి కూడా చెప్పకపోవడం. కొన్ని రకాల షుగర్ మాత్రలకీ, ఇన్సులిన్‌కీ ఈ ప్రమాదం ఉంటది, అన్నిటికీ కాదు, మీ ఇంట్లోవాళ్ళు వేసుకునేది ఏదో చీటీ పట్టుకోని డాక్టర్ని అడగండి.

ఇంకో రెండు సంగతులు కూడా ఆ యాప్ గురించి చెప్పాలి. ఒకటి, నిలబడి నడుం వంచి కాలి వేళ్ళు ముట్టుకోమనేవాళ్ళు, అందరికీ అదే. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళకి అట్టా ముందుకి బాగా వంగడం మంచిది కాదు, వెన్నుపూస నొక్కుకుపొయ్యే ప్రమాదం ఉంది. అమ్మ ఎముకల స్కాన్ రిపోర్టులో ఆ మాట ఉంది, కానీ రిపోర్టు అడిగిందెవరు. రెండోది, చేతి గడియారంలో గుండె వేగం చూసి 110 దాటాలి అని టార్గెట్ పెట్టేవాళ్ళు. అమ్మ వేసుకునే బీపీ మాత్ర బీటా బ్లాకర్ రకం, అది గుండె వేగాన్ని పెరగనీదు, ఎంత కష్టపడినా అంకె 90 దగ్గరే ఆగేది, అమ్మేమో "నేను సరిగా చేయట్లేదేమో" అని ఇంకా గట్టిగా చేసేది. ఇప్పుడున్న మేడం చెప్పిన పద్ధతి చూడండి ఎంత తేలికో, చేస్తా మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంతే, అది సరిపోయే వేగం. మాట కూడా రాకపోతే తగ్గించాలి.

మానేద్దాం అనుకున్నాక ఇంకో తలనొప్పి, కట్టేటప్పుడు యూపీఐలో ఆటోపే ఒప్పుకున్నట్టున్నా, మూడు నెలలయినాక మళ్ళీ 2,999 కట్ అవుతుందని ముందురోజు మెసేజ్ వచ్చింది. యాప్ వాళ్ళకి రెండు మెయిళ్ళు పెట్టినా పలకలా. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి వాటిల్లో ఆటోపే అని ఒక చోట ఉంటది, అక్కడ మనమే రద్దు చేసుకోవచ్చు, వాళ్ళని బతిమాలే పనిలేదు. పెద్దవాళ్ళ ఫోన్‌లో ఎవరికైనా ఇట్టాంటివి కట్టుంటే ఒకసారి తీసి చూడండి.

ఇక రెండోది, ఇప్పుడు నడుస్తా ఉండేది. మా కొలీగ్ వాళ్ళ అత్తగారు చేస్తున్నారని తెలిసి అడిగా. ఒక ఫిజియోథెరపిస్ట్ మేడం సొంతంగా నడుపుతా ఉంది, నెలకి 1,500, వారానికి నాలుగు రోజులు, ఒక బ్యాచ్‌కి పన్నెండు మంది దాటనివ్వదు. డబ్బులు తీసుకునే ముందే అరగంట వీడియో కాల్ చేసింది. అమ్మ మాత్రలన్నీ పరుపు మీద పెట్టి ఒక్కొక్కటి కెమెరాకి చూపించమనింది. కంటి ఆపరేషన్ ఎప్పుడయింది, మోకాలు ఏ పక్క ఎక్కువ నొప్పి, రాత్రిపూట బాత్రూంకి ఎన్నిసార్లు లేస్తారు, లేవగానే తల తిరుగుతుందా, పోయిన ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు. ఆఖర్న అడిగింది, "నిద్ర పడతా ఉందా అమ్మా?" అని. అమ్మ కాసేపు ఏం మాట్లాడలా, తర్వాత నాన్న పోయినాక మూడింటికే మెలకువ వచ్చేస్తుందని చెప్పింది. నాకే తెలియదు ఆ సంగతి.

ఆ తర్వాత రెండు పరీక్షలు. చేతులు గుండె మీద అడ్డంగా పెట్టుకోని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్క. 70 నుంచి 74 మధ్య ఆడవాళ్ళకి 10 కన్నా తక్కువైతే వయసుకి ఉండాల్సినదానికన్నా తక్కువ, పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క అంట. అమ్మ 7 చేసింది, ఎనిమిదోసారి సగం లేచి కూలబడింది. రెండోది ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకి వేళ్ళు ఆనించి 10 సెకన్లు నిలబడాలి, అమ్మ నాలుగు లెక్కపెట్టేలోపు గోడ పట్టుకుంది. ఇవి మీరు ఇంట్లో కూడా చేసి చూడొచ్చు, పక్కన ఒకళ్ళు నిలబడి, కుర్చీ గోడకి ఆనించి.

కుర్చీ గురించి ఒక్కమాట, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, మేమూ చేశాం. మా ఇంట్లో ఉన్నది అందరి ఇళ్ళల్లో ఉండే ప్లాస్టిక్ కుర్చీ, కింద నున్నటి టైల్స్. అమ్మ లేచి కూర్చునేటప్పుడు కుర్చీ వెనక్కి జారతా ఉంది, మేడం వీడియోలో చూసి వెంటనే ఆపేసింది. నాన్న రాసుకునే టేకు కుర్చీ ఒకటి స్టోర్‌రూంలో ఉంటే దాన్ని దులిపి, గోడకి ఆనించి, కాళ్ళ కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి వేశాం. చీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడుతున్నాయని క్లాసు వరకు చుడీదార్ వేసుకోమంది. అమ్మ జన్మలో చుడీదార్ వేయలా. మా అమ్మాయి పాతది ఒకటి ఇచ్చింది, మొదటి రోజు సిగ్గుపడి తలుపేసుకోని చేసింది, ఇప్పుడు దానితోనే పూల కుండీలకి నీళ్ళు పోస్తా ఉంది.

క్లాసులో పెద్ద విన్యాసాలేం ఉండవు. వంటింటి గట్టు పట్టుకోని మడమలు ఎత్తి దించడం, అరకేజీ కందిపప్పు ప్యాకెట్లు రెండు చేతుల్లో పెట్టుకోని పైకెత్తడం, టైల్స్ మధ్య గీత మీద మడమ ముందు వేళ్ళు పెడతా నడవడం, పక్కకి నాలుగడుగులు ఇటు నాలుగు అటు. మూడు వారాలకొకసారి కొంచెం పెంచుద్ది, మొదట గట్టు రెండు చేతులతో, తర్వాత ఒక చేయి, తర్వాత రెండు వేళ్ళు. ఈ పెంచడమే అసలు విషయం. న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ వాళ్ళు 1990లలో ఇట్టాంటి ప్రోగ్రామే తయారుచేశారు, ఇంట్లోనే కాళ్ళకి బలం, బ్యాలెన్స్, వాకింగ్, కొద్దికొద్దిగా పెంచుకుంటా పోవడం, వాళ్ళ పరీక్షల్లో పడిపోవడాలు దాదాపు మూడింట ఒక వంతు తగ్గాయి. మేడం చేయించేవి చాలావరకు ఆ దారిలోవే. డబ్ల్యూహెచ్‌ఓ 2020లో చెప్పింది కూడా ఇదే, 65 దాటినవాళ్ళు వారానికి 150 నిమిషాలకి తగ్గకుండా నడక లాంటివి, రెండు రోజులన్నా కండరాల బలానికి, మూడు రోజులన్నా బ్యాలెన్స్‌కి. మన పెద్దోళ్ళు వాకింగ్ చేస్తున్నాం చాలు అనుకుంటారు, వాకింగ్ ఒక్కటే బ్యాలెన్స్‌కి సరిపోదని నాకూ ఇప్పుడే తెలిసింది.

నాకు బాగా నచ్చినది మధ్యలో వచ్చే పది నిమిషాలు. ఉన్నచోటే అడుగులేస్తా ఒక్కొక్కళ్ళు ఒక్కో చేప పేరు చెప్పాలి, చెప్పిన పేరు మళ్ళీ చెప్పకూడదు. ఒకామె వంజరం అంటది, ఒకామె చందువ, ఇంకొకామె బొమ్మిడాయిలు, మా అమ్మ కొర్రమేను, ఒంగోలు నుంచి చేసే ఆయన ఒకాయన పూర్తి శాకాహారి, ఆయన వంతు వచ్చినప్పుడు కూరగాయలకి మారుస్తారు. ఇంకోరోజు 100 నుంచి మూడు మూడు తీసేస్తా వెనక్కి లెక్క. నడుస్తా ఆలోచించడం అలవాటు చేయించడానికి, ఎందుకంటే పెద్దవాళ్ళు చాలామంది పడేది ఏదో ధ్యాసలో ఉన్నప్పుడే. మొదట్లో అమ్మ చేప పేరు ఆలోచించేటప్పుడు కాళ్ళు ఆగిపొయ్యేవి. ఇప్పుడు ఆగట్లా.

కనిగిరి వైపు నుంచి ఒకామె ఉంది, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మనిషి, మెడా నడుమూ కొయ్యలాగా బిగుసుకుపోయినాయి. ఆమెకి మేడం వేరేగా చెప్తుంది, తల తిప్పొద్దు, మొత్తం మనిషే తిరగండి అని. అట్టా పన్నెండు మందిలో నలుగురికి నాలుగు రకాలు. రెండొందల మందిలో ఇది జరిగే పని కాదు, యూట్యూబ్‌లో అసలు కాదు.

యూట్యూబ్ వద్దని కాదు. కేంద్ర ప్రభుత్వ ఫిట్ ఇండియా వాళ్ళు 2020 సెప్టెంబర్‌లో 65 దాటినవాళ్ళకి వేరేగా ఫిట్‌నెస్ ప్రోటోకాల్, అంటే ఏ వ్యాయామాలు ఎట్టా చేయాలో చెప్పే పద్ధతి, ఇచ్చారు, ఉచితమే. ఒంట్లో పెద్ద ఇబ్బందుల్లేని వాళ్ళు, రోజూ తమంతట తాము చేసుకునేవాళ్ళు దాంతో మొదలుపెట్టొచ్చు, 1,500 కట్టక్కర్లేదు. కానీ మా అమ్మ లాంటివాళ్ళు ఒక్కరే వీడియో పెట్టుకోని చేయరు. మేం చూశాం, నాలుగు రోజులు చేసి ఐదో రోజు టీవీ సీరియల్ పెట్టుకుంది. మనం డబ్బు పెట్టేది ఎక్సర్‌సైజుకి కాదండీ, పొద్దున ఆరున్నరకి మన పేరు పిలిచి "మూలాపేట అమ్మగారు, ఎడమ కాలు ఇంకొంచెం" అనే మనిషికి, రాకపోతే ఎందుకు రాలేదని ఫోన్ చేసే మనిషికి.

క్లాసయినాక పావుగంట అందరి మైకులు ఆన్ చేసి మేడం వెళ్ళిపోతుంది, వీళ్ళు మాట్లాడుకుంటారు. ఎవరింట్లో ఏం కూర, ఎవరి మనవడికి సీటొచ్చింది, ఎవరికి మోకాళ్ళు. కావలి ఆమె ఒకామె, ఆమె భర్త కూడా పోయిన ఏడే పోయాడంట, ఆమెకీ అమ్మకీ బో కుదిరింది. క్లాసు లేని రోజు కూడా ఫోన్లో మాట్లాడుకుంటారు, ఒకరోజు నేను పోయేసరికి అమ్మ నాన్న గురించి చెప్తా ఏడుస్తా ఉంది, అవతల ఆమె కూడా ఏడుస్తా ఉంది, నేను చప్పుడు చేయకుండా వంటింట్లోకి పోయి టీ పెట్టుకున్నా. మా దగ్గర రెండేళ్ళలో ఒక్కసారి కూడా అట్టా ఏడవలా. మాకు బాధ అని దాచుకుందేమో.

మూడింటి మెలకువ మాత్రం క్లాసుతో పోలా, నిజం చెప్తున్నా. రెండు నెలలు చూసి మేడమే చెప్పింది, ఇది ఎక్సర్‌సైజ్ ఒక్కటితో వదిలేసేది కాదు, డాక్టర్‌కి చూపించండి అని. టెలిమానస్ అని, మనసు బాగాలేనివాళ్ళకి ఫోన్‌లో సాయం చేసే 14416 నంబరు కూడా ఇచ్చింది, ప్రభుత్వానిదే, ఫ్రీ, ఏ టైములోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ముందు నేను మాట్లాడా, తర్వాత అమ్మ మాట్లాడింది, ఆ తర్వాత నెల్లూరులోనే సైకియాట్రిస్ట్ దగ్గరికి పోయాం. ఇప్పుడు ఐదు దాకా పడుకుంటా ఉంది. తన వల్ల కాని దాన్ని కాదని చెప్పింది చూడండి, ఆ మేడం మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. మొదటి యాప్‌లో డిప్రెషన్ పోగొడతాం, మతిమరుపు రానివ్వం అని బ్యానర్లు ఉండేవి. వ్యాయామం మనసుకి మంచి చేస్తుంది, అందులో అనుమానం లేదు, కానీ పోగొడతాం అని రాసేవాళ్ళకి దూరంగా ఉండండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎండాకాలంలో పొద్దునపూట కరెంటు పోతే వైఫై పోయేది, క్లాసు మిస్సయితే రికార్డింగ్ ఇవ్వరు, మిగతావాళ్ళ ఇళ్ళు కనపడతాయని. అది సరైన కారణమే కానీ మేడం ఒక్కటే చేసే వీడియో అయినా పెట్టొచ్చు కదా, రెండుసార్లు అడిగా, చేస్తాం అన్నారు, ఇంకా చేయలా. మేడం పెళ్ళికి పోయినప్పుడు వారం రోజులు వేరే అబ్బాయి వచ్చాడు, మంచివాడే కానీ బాగా స్పీడు, అమ్మకి అందలా. చెవులు సరిగా వినపడనివాళ్ళకి కష్టం, రాసి చూపించేది ఏమీ లేదు. ఫోన్‌లో చూసి చేస్తే మెడ నొప్పి, మేం టీవీకి కలిపాం, ఫోన్‌ని పప్పుల డబ్బాకి ఆనించి పెట్టాం, మనిషి తల నుంచి పాదం దాకా కనపడాలి, లేకపోతే టీచర్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. మోకాలి నొప్పి తగ్గింది కానీ పోలా, మెట్లు దిగేటప్పుడు ఉంది. షుగర్ మూడు నెలల టెస్టు అంకె ఉన్నచోటే ఉంది, పెద్దగా మారలా.

మారింది ఏందంటే, పోయిన నెల మళ్ళీ కుర్చీ పరీక్ష పెట్టారు, 30 సెకన్లలో 12. మడమకి వేళ్ళు ఆనించి నిలబడడం 10 సెకన్లు నిండాయి, గోడ ముట్టుకోలా. బాత్రూం గడప దగ్గర మేం పట్టుకోడానికి స్టీల్ కడ్డీ వేయించాం, అది కూడా ఆ మొదటి వీడియో కాల్‌లో మేడం ఇల్లంతా చూపించమని చెప్పి వేయించినదే, కాలికింద తుడుచుకునే గుడ్డ తీయించేసి రబ్బరు మ్యాట్ వేయించింది.

నా రేటింగ్ మొదటిదానికి ఒకటి, దీనికి నాలుగున్నర. ఆ అర రికార్డింగుల కోసం తగ్గించా. మీరు ఎక్కడ కట్టినా ముందు డెమో అడగండి, బ్యాచ్‌లో ఎంతమంది అని అడగండి, పదిహేను దాటితే వద్దు. మాత్రల గురించి వాళ్ళంతట వాళ్ళు అడిగారా లేదా చూడండి. మూడు నెలలకి ఒకేసారి కట్టకండి, నెల నెలా తీసుకునేవాళ్ళనే చూసుకోండి.

మొన్న రొట్టెల పండక్కి కావలి ఆమె నెల్లూరొచ్చింది, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె తీసుకోవాలని. ఇద్దరూ నేరుగా కలవడం అదే మొదటిసారి. ఇద్దరినీ నేనే తీసుకెళ్ళా. జనం, కాళ్ళకింద తడి మెట్లు, నాకు గుండెలు దడదడ. చేయి పట్టుకోబోతే అమ్మ వద్దంది, మేడం చెప్పినట్టే పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి ఆగి, నీళ్ళలోకి దిగింది. రొట్టె అమ్మ ఇచ్చింది, ఆమె పుచ్చుకుంది. సోమవారం క్లాసుకి ఇద్దరూ మూలాపేటలో ఒకే టీవీ ముందర నిలబడి చేశారు, టేకు కుర్చీ ఆమెకిచ్చి అమ్మ మంచం అంచు మీద కూర్చోబోతే మేడం ఒప్పుకోలా, ఎత్తు తక్కువని. పక్కింట్లో ఒక చెక్క కుర్చీ అడిగి తెచ్చా.